కొలైటిస్‌కి మెసలమిన్ మానేసి చెట్టు మందులకు మారొచ్చా?

తూగోజీ_తమ్ముడు:
మా ఆవిడకి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపల వాపు, పుండ్లు. రక్తం, జిగట, రాత్రిళ్లు నిద్ర లేకుండా బాత్‌రూమ్‌కి పరుగులు... అన్నీ అయ్యాక ఇప్పుడు పేగు వాపు తగ్గించే మెసలమిన్ బిళ్లలతో కుదురుగా ఉంది. మా మామగారి ఊళ్లో ఒక వైద్యుడు "ఇది గ్రహణి (ఆయుర్వేదంలో వదలని విరేచనాల జబ్బు). ఆ బిళ్లలు ఆపితేనే నా మందు పట్టేది" అంటున్నాడు. కుటజారిష్టం సీసా, మారేడు పొడి, ఇంకో బూడిదరంగు పొడి ఇచ్చాడు. జీవితాంతం ఇంగ్లీషు మందులేంటని ఇంట్లో ఒకటే పోరు. మీరేమంటారు?

పెరటి_వైద్యం:
తమ్ముడూ, కుటజం అంటే మన కొడిసెపాల చెక్క. రక్త విరేచనాలకి, గ్రహణికి ఆయుర్వేదంలో ఎప్పటినుంచో వాడుతున్నదే. మారేడు కాయ సంగతి చెప్పక్కర్లేదు. పసుపు మీదైతే జపాన్‌లో పరీక్షే చేశారు, 2006లో. జబ్బు అణిగి ఉన్న 89 మందిని తీసుకున్నారు. ఆరు నెలలు రోజుకి 2 గ్రాముల కర్క్యుమిన్ (పసుపులో ఉండే పదార్థం) వాడిన 43 మందిలో ఇద్దరికే తిరగబెట్టింది. ఉత్తుత్తి మాత్ర మింగిన 39 మందిలో 8 మందికి తిరగబెట్టింది. ఇంకేం కావాలి?

బెజవాడ_ల్యాబ్:
అన్నా, సగం కథే చెప్పారు. ఆ పరీక్షలో రెండు గుంపులవాళ్లూ మెసలమిన్ గానీ, అదే కోవకి చెందిన సల్ఫాసలజిన్ గానీ వేసుకుంటూనే ఉన్నారు. కర్క్యుమిన్ దానికి తోడు. 2015లో వచ్చిన ఇంకో పరీక్ష కూడా అంతే. మెసలమిన్ పూర్తి మోతాదులో వాడినా అణగనివాళ్లకి అదనంగా రోజుకి 3 గ్రాముల కర్క్యుమిన్ ఇస్తే నెలలో 26 మందిలో 14 మందికి అణిగింది, ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన 24 మందిలో ఒక్కరికీ అణగలేదు. మంచి ఫలితమే, నేనూ ఒప్పుకుంటా. కానీ ఢిల్లీ ఎయిమ్స్‌లో రోజుకి 450 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే ఏ తేడా రాలేదు. మోతాదులోనే ఉంది కిటుకు.

వంట పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లు. 3 గ్రాములు ఒంట్లోకి పోవాలంటే రోజుకి వంద గ్రాముల పసుపు తినాలి. పాలల్లో చిటికెడు వేసుకుని పేగు పుండు మానుతుందనుకుంటే ఏం చెప్పాలి!

పెరటి_వైద్యం:
సరే, ఇసబ్గోల్ మాటేంటి? స్పెయిన్‌లో 1999లో 105 మందితో ఏడాదిపాటు చూశారు. ఉత్త ఇసబ్గోల్ గింజలు వాడినవాళ్లలో నూటికి 40 మందికి తిరగబెడితే, మెసలమిన్ వాళ్లలో 35. పెద్ద తేడా కాదుగా? నీలిమందు సంగతి కూడా చూడండి. జపాన్‌లో దాంతో జబ్బు బాగా అణిగిందని 2018లో పరీక్ష ఫలితాలే వచ్చాయి. మొక్కల్లో బలం లేదనకండి.

బెజవాడ_ల్యాబ్:
బలం లేదని ఎవరన్నారు? బలం ఉండబట్టే నా టెన్షన్. ఆ నీలిమందు పరీక్షని మధ్యలోనే ఆపేశారు. బయట సొంతంగా కొని వాడిన వాళ్లలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగిన కేసులు వచ్చాయి. 2016 చివర్లో జపాన్ ప్రభుత్వమే హెచ్చరిక ఇచ్చింది. కరోనా టైంలో ఇమ్యూనిటీకని మనమంతా తాగిన తిప్పతీగ కషాయం గుర్తుందా? దాంతో లివర్ దెబ్బతిన్న కేసుల్ని 2021లో ముంబై డాక్టర్లు పత్రికలో రాశారు. ఆయుష్ శాఖ కాదంది, ఆ వాదన వేరు. కొలైటిస్ అంటేనే ఒంటి రక్షణ వ్యవస్థ సొంత పేగు మీద పడటం. దాన్ని ఇంకా రెచ్చగొట్టే మందు ఎందుకు?

ఇక ఆ ఇసబ్గోల్ లెక్కలో ఒకటి వదిలేశారు. రెండూ కలిపి వాడినవాళ్లలో తిరగబెట్టింది నూటికి 30 మందికే.

డాలస్_కోడలు:
నాది క్రోన్స్, కొలైటిస్ లాంటిదే అయినా వేరే పేగు జబ్బు. చిన్నపేగు ఒక చోట సన్నబడింది. కొలైటిస్ వాళ్లకి మంచిదని చదివి ఎవరో నాకూ ఇసబ్గోల్ చెప్పారు. మా డాక్టరు వినగానే వద్దన్నారు, సన్నబడిన చోట ఉబ్బి అడ్డం పడుతుందట. రెండు జబ్బుల్నీ ఒకే గాటన కట్టి సలహాలు ఇవ్వొద్దు, దయచేసి.

రిటైర్డ్_సిస్టర్:
తమ్ముడూ, గ్యాస్ట్రో వార్డులో పనిచేసినదాన్ని, సూటిగా అడుగుతా. ఆ బూడిదరంగు పొడిలో ఏముందో రాసి ఉందా?

తూగోజీ_తమ్ముడు:
లేదక్కా. తెల్ల కవరు, దాని మీద పెన్నుతో "ఉ – రా, తేనెతో" అని రాసుంది, అంతే. అడిగితే గురువుగారి ఫార్ములా, బయటికి చెప్పకూడదన్నాడు.

రిటైర్డ్_సిస్టర్:
అయితే అది నోట్లో పెట్టనివ్వకు. భస్మాల్లో (లోహాల్ని కాల్చి చేసే పొడుల్లో) సీసం, పాదరసం ఉండొచ్చు. అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే అయిదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనికో తేలిందని 2008లో వచ్చింది. పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపేవాళ్లూ ఉన్నారు. వారంలో అద్భుతంగా తగ్గితే నాకు ముందు వచ్చే అనుమానం అదే.

కుటజారిష్టం లేబుల్ చదువు. పులియబెట్టిన మందు, తనంతట తాను పుట్టిన ఆల్కహాల్ ఉంటుందని దాని మీదే రాస్తారు. దాన్ని మీ గ్యాస్ట్రో డాక్టరుకి చూపించి, ఆయన సరేనంటేనే తాగించు. మెసలమిన్ మాత్రం ఆపొద్దు. పైకి బాగున్నా లోపల వాపు మిగిలి ఉండొచ్చు. ఆ వాపుని పట్టిచ్చేందుకు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అని పరీక్ష ఉంది. ఇప్పుడొకసారి, కొత్తది ఏది మొదలుపెట్టినా రెండు మూడు నెలలకి ఇంకోసారి చేయించు. పెరిగిందంటే మామగారికి చూపించడానికి కాగితం ఉంటుంది.

పెరటి_వైద్యం:
రహస్యం పొడి విషయంలో అక్క మాటే నాదీ. నేర్చుకున్న వైద్యుడెవరైనా పథ్యం చెప్తాడు గానీ మందు పేరు దాచడు. కొడిసెపాల మీద మాత్రం మన దేశంలోనే గట్టి పరీక్ష జరగాలి. జపాన్‌వాళ్లు పసుపు మీద చేశారు, మనవాళ్లకేమైంది?

బెజవాడ_ల్యాబ్:
ఆ ఒక్క మాటకి మీతోనే ఉన్నానన్నా.

తూగోజీ_తమ్ముడు:
సరే, బిళ్లలు ఆపం. పొడి వాపసు ఇచ్చేస్తా, మామగారి అలక నేను చూసుకుంటా. ఇసబ్గోల్‌కి డాక్టరు ఓకే అంటే మజ్జిగలో వేయమంటారా?

రిటైర్డ్_సిస్టర్:
పెద్ద గ్లాసు నీళ్లలో, కలపగానే తాగేయాలి. బిళ్లకీ దానికీ రెండు గంటల ఎడం ఉంచు.