'రాన్ అప్ ఎ హిల్', 'రాన్ అప్ ఎ బిల్': ఈ రెండు 'అప్'లూ ఒకటేనా?

ప్రశ్న:

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంగ్లీషు హోంవర్కులో 'షి లుక్డ్ ఎట్ కేర్‌ఫుల్లీ ది పిక్చర్' అని రాస్తే టీచర్ 'లుక్డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ది పిక్చర్' అని దిద్దారు. క్రియకీ ప్రిపోజిషన్‌కీ మధ్యలో యాడ్‌వెర్బ్ పెట్టాలన్నమాట అనుకుని, తర్వాత 'షి లుక్డ్ క్విక్‌లీ అప్ ది వర్డ్' అని రాసింది. అదీ తప్పేనట, 'క్విక్‌లీ లుక్డ్ అప్' అనాలట. ఒకచోట మధ్యలో పెట్టమంటారు, ఇంకోచోట వద్దంటారు. దీనికేమైనా సూత్రం ఉందా, బట్టీ పట్టాల్సిందేనా?

జవాబు:

సూత్రం ఉందండీ. మీ అమ్మాయి రాసిన రెండు వాక్యాల్లోనే అది దొరుకుతుంది.

'లుక్డ్ ఎట్ ది పిక్చర్'లో 'ఎట్' పక్కనున్న నామవాచకానికి చెందినది. 'ఎట్ ది పిక్చర్' అంతా ఒక ముక్క, మన 'బొమ్మ వైపు' లాగే. 'బొమ్మ'కీ 'వైపు'కీ మధ్య 'జాగ్రత్తగా' దూర్చం కదా, వాళ్లూ దూర్చరు. ఆ ముక్కకి ముందు పెట్టొచ్చు, వాక్యం చివర పెట్టొచ్చు, 'కేర్‌ఫుల్లీ లుక్డ్ ఎట్' అని క్రియకి ముందూ పెట్టొచ్చు.

'లుక్డ్ అప్ ది వర్డ్' దగ్గర సంగతి వేరు. పదం వైపు ఎవరూ పైకి చూడట్లేదు, నిఘంటువులో వెతుకుతున్నారు. ఇక్కడ 'అప్' క్రియలో భాగం. వ్యాకరణంలో దీన్ని పార్టికల్ అంటారు. అది నామవాచకాన్ని దాటి అవతలికి కూడా వెళ్లగలదు: 'లుక్డ్ ది వర్డ్ అప్'. 'ఎట్' అలా వెళ్లలేదు. 'లుక్డ్ ది పిక్చర్ ఎట్' అనే వాక్యం ఇంగ్లీషులో లేదు.

దీనికి పాఠాల్లో తరచూ చూపించే జంట ఒకటుంది. 'హి రాన్ అప్ ఎ హిల్' అంటే గుట్ట ఎక్కుతూ పరిగెత్తాడు. 'హి రాన్ అప్ ఎ బిల్' అంటే ఖర్చు తడిసి మోపెడు చేసుకున్నాడు. కాగితం మీద తేడా ఒక్క అక్షరమే. 'క్విక్‌లీ' పెట్టి చూడండి. 'రాన్ క్విక్‌లీ అప్ ఎ హిల్' నిక్షేపంలా ఉంటుంది, 'రాన్ క్విక్‌లీ అప్ ఎ బిల్' కుదరదు. నామవాచకం తీసేసి 'ఇట్' పెడితే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గుట్టకైతే 'రాన్ అప్ ఇట్', బిల్లుకైతే 'రాన్ ఇట్ అప్'. ఈ రెండో పరీక్షే నాకు ఎక్కువ నమ్మకం. పిల్లలకి నేర్పేటప్పుడు ముందు 'ఇట్' పెట్టించి, ఆ తర్వాతే యాడ్‌వెర్బ్ దగ్గరికి రావడం మంచిది.

చెవితో కూడా పట్టుకోవచ్చు. 'ది వర్డ్ షి లుక్డ్ అప్' అన్నప్పుడు ఊనిక 'అప్' మీద పడుతుంది. 'ది పిక్చర్ షి లుక్డ్ ఎట్' అన్నప్పుడు 'లుక్డ్' మీదే ఉండి 'ఎట్' తేలిపోతుంది.

మన తెలుగులోనూ ఇలాంటి పరీక్ష ఉంది. 'తిని వెళ్లింది', 'తినివేసింది' పక్కపక్కన పెట్టి మధ్యలో 'త్వరగా' పెట్టండి. 'తిని త్వరగా వెళ్లింది' సరే. 'తిని త్వరగా వేసింది' అంటే నవ్వుతారు. మొదటిదాంట్లో రెండు పనులు. రెండోదాంట్లో ఒకటే పని, 'వేయు' తన అర్థం వదిలేసుకుని 'తిను'కి పూర్తయిందన్న రంగు పూస్తోంది. అందుకే 'త్వరగా తినేసింది' అని మొత్తానికి ముందు పెడతాం. 'షి ఏట్ అప్', 'షి యూజ్డ్ అప్' లాంటి చోట్ల 'అప్' చేసేది అచ్చంగా ఈ 'వేయు' పనే: తినేసింది, వాడేసింది.

మరొకరు:

మీరు చెప్పింది చదువుతుంటే ఉపసర్గలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు వల్లె వేసిన శ్లోకమే:

ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే
ప్రహారాహార సంహార విహార పరిహారవత్

ధాతువు ఒకటే అయినా, ముందున్న ఉపసర్గ దాని అర్థాన్ని బలవంతంగా ఇంకెక్కడికో ఈడ్చుకుపోతుంది. 'గేవ్ అప్', 'గేవ్ ఇన్', 'గేవ్ అవే' చూసినా అంతే. ఇంకో మాట. పాణిని 'ఉపసర్గాః క్రియాయోగే' అన్నాడు. ప్ర, పరా మొదలైనవి క్రియతో కలిసినప్పుడే ఉపసర్గలు. అందులోవే 'ప్రతి', 'అను' లాంటివి నామపదాన్ని పట్టుకున్నప్పుడు వాటికి కర్మప్రవచనీయం అని వేరే పేరు పెట్టాడు. 'వృక్షం ప్రతి విద్యోతతే విద్యుత్' అన్న ఉదాహరణలో 'ప్రతి' చెట్టుకి సంబంధించినదే, మెరవడానికి కాదు. మీ గుట్టా బిల్లూ తేడా ఇదే కదా! పైగా ఉపసర్గ ధాతువుకి ముందే రావాలని చెప్పి, వేదభాషలో మాత్రం తర్వాతా రావచ్చు, మధ్యలో వేరే మాటలు పడి దూరంగానూ ఉండొచ్చు అని సూత్రాలు రాశాడు.

జవాబు:

చాలా మంచి మాట చెప్పారు. మాట ఒకటే, అది ఎవరితో జత కట్టిందన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. ఇంగ్లీషు వ్యాకరణం ఈ విషయంలో ఆలస్యంగానే మేల్కొంది. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలో, క్రియ తర్వాత చిన్న మాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి విదేశీయులకి అన్నిటికన్నా కష్టమైనదని గుర్తించాడు. 'బ్రేక్ ఆఫ్' అంటే ఉన్నట్టుండి ఆపేయడం, 'సెట్ అవుట్' అంటే ప్రయాణం కట్టడం అంటూ ఉదాహరణలూ ఇచ్చాడు. 'ఫ్రేజల్ వర్బ్' అన్న పేరు పుస్తకాల్లోకి వచ్చింది మాత్రం 1925 ప్రాంతంలో.

ఇంకొకరు:

యాడ్‌వెర్బ్ పరీక్ష అన్నిచోట్లా పనిచేయదు. 'షి లుక్డ్ ఆఫ్టర్ హర్ మదర్'లో 'ఆఫ్టర్' ప్రిపోజిషనే, 'లుక్డ్ ఆఫ్టర్ హర్' అంటాం. కానీ 'లుక్డ్ వెల్ ఆఫ్టర్ హర్' అనం కదా?

జవాబు:

అనమండీ. 'లుక్ ఆఫ్టర్' బాగా అతుక్కుపోయిన జంట, మధ్యలో ఎవరినీ రానివ్వదు. 'లుక్డ్ ఆఫ్టర్ హర్ వెల్' అనాల్సిందే. అదే కర్మణి ప్రయోగం చేస్తే 'షి వాజ్ వెల్ లుక్డ్ ఆఫ్టర్' అని 'వెల్' ముందుకొచ్చేస్తుంది. అటువైపు చూస్తే, పార్టికల్ అయినా నిజంగా దిశని చెబుతుంటే మధ్యలో చోటిస్తుంది: 'ప్రైసెస్ వెంట్ స్టెడిలీ అప్'. అందుకే 'ఇట్' పరీక్షే ముందు పెట్టమన్నాను. అక్కడ 'లుక్ ఆఫ్టర్' కూడా దొరికిపోతుంది.

మొదట అడిగినవారు:

బాగా అర్థమైంది, ధన్యవాదాలు. ఇదంతా పాస్ట్ టెన్స్‌లో ఏమైనా మారుతుందా? తను రాసేటప్పుడు ఎక్కువగా అక్కడే తడబడుతోంది.

జవాబు:

వరుస మారదు. భూతకాలపు గుర్తు క్రియకే తగులుతుంది, పార్టికల్‌కి తగలదు. చిక్కంతా వినికిడిలో ఉంది. 'లుక్డ్' అని రాస్తాం గానీ చివరి ధ్వని 'ట్'. తర్వాత అచ్చు వస్తే ఆ 'ట్' దాని మీదికి దూకుతుంది: 'పిక్డ్ అప్' అన్నది 'పిక్టప్' అని వినబడుతుంది. ఇది మేలే, గుర్తు చెవికి అందుతుంది. 'టాక్డ్ టు' దగ్గర మాత్రం రెండు 'ట్'లూ కలిసిపోయి, 'టాక్ టు'కీ దానికీ తేడా దాదాపు తెలియదు. సినిమాల్లో, వీడియోల్లో విని నేర్చుకునే పిల్లలు 'ఐ టాక్ టు హర్ ఎస్టర్డే' అని రాస్తే ఆశ్చర్యం లేదు. విన్నది విన్నట్టే రాశారు. 'వాక్డ్ టు'దీ ఇదే తంతు. అలాంటివి నాలుగైదు వాక్యాలు చేత్తో రాయించండి, పైకి చదివించడం వల్ల లాభం లేదు.

ఇంకోటి చెప్పి ఆపుతాను. 'లుక్డ్ ఫార్వర్డ్ టు'లో క్రియ, యాడ్‌వెర్బ్, ప్రిపోజిషన్ మూడూ ఉన్నాయి. 'ఫార్వర్డ్' క్రియది, 'టు' తర్వాత వచ్చే నామవాచకానిది. అందుకే 'ఈగర్లీ' అన్న మాటని 'లుక్డ్ ఫార్వర్డ్ ఈగర్లీ టు ది ట్రిప్' అని 'టు'కి ముందు పెట్టొచ్చు. ఆ 'టు' ప్రిపోజిషన్ కాబట్టే దాని వెనక 'మీట్' రాదు, 'మీటింగ్' రావాలి. ఆఫీసు మెయిళ్లలో రోజూ కనబడే 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ' తప్పయ్యేది ఇక్కడే.