నాన్నకి హెపటైటిస్ సి, మందులు ఇంకా మొదలవలేదు. లివర్ ఎలా ఉందో ఏ పరీక్షలతో తెలుస్తుంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా నాన్నకి 58 ఏళ్లు. ఆరేళ్ల కిందట కంటి శుక్లాల ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షలో హెచ్‌సీవీ (హెపటైటిస్ సి వైరస్) పాజిటివ్ వచ్చింది. 1996లో యాక్సిడెంట్ అయినప్పుడు రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు, బహుశా అప్పుడే వచ్చి ఉంటుంది. లివర్ పరీక్ష నార్మల్‌గా ఉందని, ఏ బాధా లేదని మందుల జోలికి వెళ్లలేదు. అప్పుడు లివర్ ఎంజైములు ఎస్‌జీఓటీ 34, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. పోయిన వారం చేయిస్తే అవే వరసగా 54, 64, 1.5 లక్షలు వచ్చాయి. కొంచెమే పెరిగిందిలే అంటున్నారు. ప్లేట్‌లెట్ల దగ్గర ల్యాబ్ వాళ్లు స్టార్ గుర్తు కూడా పెట్టలేదు. నాన్న ఆదివారాలు రెండు పెగ్గులు తాగుతారు. పసరు మందు తాగిస్తే తగ్గిపోతుందని ఊళ్లో చెబుతున్నారు. ఏడాదికోసారి ఎల్‌ఎఫ్‌టీ (లివర్ రక్తపరీక్ష) చేయిస్తూ ఉంటే సరిపోతుందా? ఇంట్లో ఇవన్నీ చూసుకునేది నేనొక్కదాన్నే, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
చెల్లీ, నాకూ ఇదే జబ్బు ఉండేది. ‘నార్మల్’ అన్న ఒక్క మాట పట్టుకుని తొమ్మిదేళ్లు కూర్చున్నాను. 2019లో మందులు వాడేనాటికి లివర్ గట్టిపడిపోయింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఎస్‌జీపీటీ చెప్పేది ఆ రోజు లివర్‌లో ఎంత మంట ఉందన్నదే. ఏళ్ల తరబడి పేరుకున్న మచ్చ సంగతి అది చెప్పదు. మీరు చూడాల్సింది స్టార్ పెట్టని ఆ ప్లేట్‌లెట్ల వరసని. 2.4 లక్షల నుంచి 1.5కి దిగాయి. లివర్ గట్టిపడితే దాని గుండా వెళ్లే రక్తానికి దారి ఇరుకై, వెనకాల ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లని తనలోనే ఆపేసుకుంటుంది. 1.5 ఇంకా నార్మల్ గీత మీదే ఉంది కాబట్టి కంప్యూటర్ గుర్తు పెట్టదు. పాత రిపోర్టు పక్కన పెట్టుకుంటేనే తేడా కనిపిస్తుంది.

ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. వయసుని ఎస్‌జీఓటీతో గుణించాలి: 58 × 54 = 3132. ప్లేట్‌లెట్లని వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి: 150 × 8 = 1200. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2.61. దీన్ని ఫిబ్-4 అంటారు. 1.45 లోపు ఉంటే మచ్చ పెద్దగా లేనట్టే. 3.25 దాటితే బాగా ముదిరినట్టు లెక్క. ఆరేళ్ల కిందటి అంకెలతో వేస్తే మీ నాన్నగారికి 1.23 వస్తుంది. ఇప్పుడు మధ్యలోకి వచ్చేశారు. మధ్యలో ఉన్నవాళ్లకి తేల్చి చెప్పేది ఫైబ్రోస్కాన్, అంటే లివర్ ఎంత గట్టిపడిందో పైనుంచే కొలిచే స్కాన్. సూదీ కోతా ఉండవు, మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్తే పది నిమిషాల్లో అయిపోతుంది. అల్ట్రాసౌండ్ కూడా కావాలి, కానీ అది బాగుందని ఊరుకోకండి, తొలి దశ సిర్రోసిస్ (లివర్ మచ్చలతో గట్టిపడిపోవడం) అందులో కనిపించకపోవచ్చు. లివర్ ఎలా పని చేస్తోందో చెప్పే రక్తపరీక్షలు అల్బుమిన్, బిలిరుబిన్, ఐఎన్‌ఆర్ కూడా రాయించుకోండి.

పసరు మాత్రం వద్దమ్మా. అందులో ఏం కలిపారో మనకి తెలియదు. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. ఆ రెండు పెగ్గులూ మానాలి, పూర్తిగా.

జవాబు 2:
నేను ల్యాబ్‌లో పని చేస్తాను. ఒక్క మాట కలుపుతాను. మీరు చెప్పిన పాజిటివ్ యాంటీబాడీ పరీక్షదై ఉంటుంది. అది జబ్బు తగ్గినా జీవితాంతం పాజిటివ్‌గానే చూపిస్తుంది. వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందో లేదో చెప్పేది హెచ్‌సీవీ ఆర్‌ఎన్‌ఏ. వైరస్ సోకిన వందమందిలో దాదాపు 30 మందికి మొదటి ఆరు నెలల్లో దానంతటదే పోతుంది. మిగతావాళ్లకి ఉండిపోతుంది. ముందు ఆ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించండి. 2018 నుంచి జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లోని చికిత్స కేంద్రాల్లో పరీక్ష, మందులు ఉచితం. అమ్మగారికీ ఒకసారి పరీక్ష చేయించండి. కలిసి తింటే అంటుకోదు, రేజరూ నెయిల్ కట్టరూ మాత్రం వేరుగా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
ఆర్‌ఎన్‌ఏ పాజిటివ్ వచ్చింది. ఫైబ్రోస్కాన్ 13.6. నాన్న ‘నాకేం కాలేదుగా, పంట పని అయ్యాక చూద్దాం’ అంటున్నారు. ఆగొచ్చా అన్నా?

జవాబు 1:
12.5 దాటితే సిర్రోసిస్ కిందే చూస్తారు. కామెర్లు, పొట్టలో నీరు లేవు కాబట్టి లివర్ ఇంకా పని నెట్టుకొస్తోంది. అంటే మందులకి ఇదే సరైన సమయం. ఇప్పటి మాత్రలతో నూటికి 90 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. సోఫోస్‌బువిర్‌తో వెల్‌పటాస్‌విర్ ఇస్తే మామూలుగా 12 వారాలు, డక్లాటాస్‌విర్ ఇస్తే సిర్రోసిస్ ఉన్నవాళ్లకి 24 వారాలు. మాత్ర వేసుకుని పొలం పని చేసుకోవచ్చని నాన్నగారికి చెప్పండి.

మొదలుపెట్టేముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. అది కూడా ఉంటే ఈ మందుల సమయంలో విజృంభించే ప్రమాదం ఉంది. ఆయన రోజూ వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ కవర్లో వేసి తీసుకెళ్లండి, గ్యాస్ మాత్రతో సహా. అది వెల్‌పటాస్‌విర్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. గుండెకి అమియోడరోన్ వాడుతుంటే ముందే చెప్పాలి. ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్ లాంటివి కొనకండి. పారాసిటమాల్ అయినా రోజుకి రెండు గ్రాములు దాటకూడదు.

నల్లటి విరేచనం, రక్తపు వాంతి, పొట్ట ఉబ్బడం, పగలంతా మత్తుగా ఉండి మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వైరస్ పోయాక కూడా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ ఆపకూడదు. సిర్రోసిస్ వచ్చిన లివర్‌లో క్యాన్సర్ గడ్డ పెరిగే ప్రమాదం తగ్గుతుంది గానీ పోదు. నాది ఉగాది ముందు ఒకటి, దసరా ముందు ఒకటి. అలా పండగలకి ముడిపెట్టుకున్నాక ఒక్కసారి కూడా తప్పలేదు.