కంపిత సాలమా, కంపిత శాలమా?

ఓట్వే_బాటసారి:
పెద్దలకి నమస్కారం. పెద్దన గారి 'అటజని కాంచె' పద్యం ఆఖరి పాదం రెండ్రోజులుగా బుర్ర తినేస్తోంది. 'కటక చరత్కరేణు కర కంపిత' వరకు గడగడా వస్తుంది, తర్వాత 'సాలము శీతశైలమున్' అనా, 'శాలము' అనా? (కొండ నడుమున తిరిగే ఏనుగుల తొండాలు ఊపే చెట్లున్న మంచుకొండ అని కదా భావం.) నాకు శ అనే నోటికి వస్తుంది, మా ఆవిడ ముమ్మాటికీ స అంటోంది. అవసరం ఏంటంటే, ఇక్కడ మెల్‌బోర్న్‌లో మన తెలుగువాళ్ళ పత్రికకి ఓట్వే కొండల్లోని మర్టిల్ బీచ్ చెట్ల మీద రెండు పేజీలు రాస్తున్నా. అపోలో బే దాటాక మెయిట్స్ రెస్ట్ అని ఒక చోటుంది, చెక్కబాట మీద నడుస్తూ చూడొచ్చు. మూడొందల ఏళ్ళ మానులు, మొదలంతా నాచు, చుట్టూ మనిషి కంటే ఎత్తు ఫెర్న్ చెట్లు. ఇంత మానుకి ఆకు చూస్తే సెంటీమీటరు, మహా అయితే రెండు, అంచున సన్నటి రంపప్పళ్ళు. ఏడాదంతా పచ్చగానే ఉంటుంది గానీ వసంతంలో చిగురు మాత్రం రాగిరంగులో వేస్తుంది. ఫొటో కింద ఈ పాదం వేద్దామని.

అడ్డుపుల్ల:
సాలమే, అందులో డౌట్ లేదు. కానీ ఆస్ట్రేలియా అడవికి 'కరేణు కర కంపిత' ఏంటి స్వామీ, అక్కడ ఏనుగులెక్కడివి? 'వాలబీ కర కంపిత' అని మార్చుకోండి, గణాలు మేం సర్దుతాం.

చంపకమాల_ప్రియుడు:
డౌట్ లేదని అంత తేలిగ్గా అనేస్తే ఎలా అండీ. ఛందస్సు ఇక్కడ సాయం చెయ్యదు. యతిస్థానం పదకొండో అక్షరం, అది 'కంపిత'లో కం, మొదటి క తో కలిసింది. ప్రాస ట. అట, పటల, స్ఫుట, కటక. ఇక సా అన్నా శా అన్నా గురువే. కాబట్టి పద్యం లోపల సాక్ష్యం సున్నా. వెనకాలే శీతశైలం ఉంది కాబట్టి శ-శ-శ అని నోరు అటు లాగుతుంది, అంతే. అయినా ఆ పద్యంలో అసలు అందం మూడో పాదంలో ఉంది, 'అభంగ తరంగ మృదంగ నిస్వన' దాకా చదివి ఆపండి, సెలయేటి హోరు వినపడకపోతే అడగండి. జనం దాన్ని వదిలేసి చెట్టు పట్టుకుంటారు.

అమరం_కంఠస్థం:
మృదంగం రెండో పాదంలోది సార్, మూడోది 'స్ఫుట నటనానుకూల'తో మొదలవుతుంది. ఇక చెట్టు సంగతి. అమరకోశం నిఘంటువులో 'అనోకహః కుటః సాలః' అని చెట్టుకి ఉన్న మామూలు పేర్లలోనే సాల ఉంది. 'ప్రాకారో వరణః సాలః' అని గోడకీ అదే. రెండుచోట్లా దంత్య స. గుగ్గిలం చెట్టుకైతే సంస్కృతంలో శ, స రెండూ చెల్లుతాయి. అంటే తేడా ఇదీ: 'శాలము' అంటే ముందు గుర్తొచ్చేది గుగ్గిలం చెట్టు, 'సాలము' అంటే ఏ చెట్టయినా సరే. బాటసారి గారూ, స వేసుకుంటే మీ బీచ్ చెట్టు కూడా అందులో హాయిగా దూరిపోతుంది.

ఆకూ_అలమూ:
ఇక్కడ నాకో అభ్యంతరం. ఏనుగులు, గుగ్గిలం అడవులు రెండూ కలిసి ఉండేది హిమాలయం కింద తెరాయిలో. పెద్దన గారు 'కటకం' అన్నారు, అంటే కొండ నడుము, శిఖరం కాదు. కాబట్టి అది నిజంగా గుగ్గిలం చెట్టే అని నా వాదన.

అడ్డుపుల్ల:
ప్రవరుడి కాలికి రాసుకున్న లేపం మంచుకి కరిగిపోయింది కదా, ఆ మంచులో గుగ్గిలం చెట్టు బతుకుతుందా?

ఆకూ_అలమూ:
లేపం కరిగింది పైన, ఏనుగు కింద! పద్యం ఆకాశాన్ని ముద్దాడే శిఖరంతో మొదలై కిందికి దిగుతోంది, గమనించండి.
బాటసారి గారికి ఇంకో మాట. 'మర్టిల్' అని రాస్తున్నారు గానీ దానికి మర్టిల్ కుటుంబంతో చుట్టరికం లేదు, అలా పిలిచింది తొలినాటి తెల్లవాళ్ళు. నోథోఫేగస్ కన్నింగ్‌హామియై అనండి. ఇక్కడా ఒక్క అక్షరం గొడవే ఉంది. గ్రీకులో 'నోథోస్' అంటే దొంగ, నకిలీ. 'నోటోస్' అంటే దక్షిణం. పేరు పెట్టిన బ్లూమే మనసులో ఉన్నది దక్షిణపు బీచ్ అనీ, థ పడేసరికి దొంగబీచ్ అయిందనీ ఒక వాదం. మన అర్థం, అర్ధం లాంటి యవ్వారమే.

చంపకమాల_ప్రియుడు:
అర్థం, అర్ధం మాట ఎత్తకండి. ఈ గ్రూపులోనే సగం మంది 'అర్ధమైంది' అని రాస్తారు, అంటే సగమే అయిందన్నమాట.

అమరం_కంఠస్థం:
నోథోఫేగస్ కూడా పాతబడింది ఆకూ గారూ. 2013లో ఆ ప్రజాతిని విడగొట్టి ఈ చెట్టుని లోఫోజోనియాలో వేశారు. ఇక థ లేదు, ట లేదు.

ఆకూ_అలమూ:
వేశారు, అందరూ ఒప్పుకోలేదు. ఆస్ట్రేలియాలో ఇప్పటికీ చాలామంది నోథోఫేగస్ అనే రాస్తారు.

బొగ్గుబాయి_బిడ్డ:
గోండ్వానా అనే పాత దక్షిణ ఖండం గురించి ఎవరూ అనట్లేదేంది? ఈ చెట్ల చుట్టాలు న్యూజీలాండ్, న్యూగినీ, న్యూ కాలెడోనియా, చిలీ, అర్జెంటీనాలో ఉన్నయి. మన దగ్గర లేవు, ఆఫ్రికాల లేవు, ఎందుకంటే ఇవి పుట్టి పాకే లోపలే మన ముక్క విడిపోయింది. పేరు మాత్రం మన గోండులది, 1880లల్ల సూయెస్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పాత ఖండానికి పెట్టిండు. మా సింగరేణి బొగ్గు ఆ గోండ్వానా కాలందే, అది గ్లోసోప్టెరిస్ అనే, ఇప్పుడు లేని చెట్టు ఆకుల కాలం, బీచ్ చెట్టు ఇంకా పుట్టలే. 1912ల దక్షిణ ధ్రువం నుంచి వస్తూ చనిపోయిన స్కాట్ బృందం దగ్గర దొరికిన రాళ్ళల్ల ఈ గ్లోసోప్టెరిస్ ఉంది, ఏరింది బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన. ఆ హిమానీనదం ప్రాంతంలనే తర్వాత సదరన్ బీచ్ ఆకుల శిలాజాలు కూడా దొరికినయి. ఇంకో ముచ్చట, 'గోండ్వానా భూమి' అని రాయకుండ్రి, వన ఎట్లాగూ ఉంది కదా.

అడ్డుపుల్ల:
గేటు దర్వాజా, నడిసెంటర్ మధ్యలో. అలవాటైపోయింది వదిలెయ్ అన్నా.

ఓట్వే_బాటసారి:
ఇన్ని చెప్పారు, థాంక్స్. నేను రాసిన దాంట్లో కొంచెం ఇక్కడ పెడుతున్నా, చూడండి. ఈ చెట్టుకి వాన బాగా కావాలి, నిప్పంటే అస్సలు పడదు. పక్కనే ఉండే మౌంటెన్ ఆష్ యూకలిప్టస్ అందుకు పూర్తిగా ఎదురు, దాని విత్తనం మళ్ళీ దండిగా మొలవాలంటే పెద్ద కార్చిచ్చు రావాలి. మూడు నాలుగు వందల ఏళ్ళు నిప్పు రాకపోతే యూకలిప్టస్ ముసలిదై పడిపోతుంది, కింద నీడలో ఓపిగ్గా పెరిగిన బీచ్ ఆ చోటు తీసుకుంటుంది. గింజ తల్లిచెట్టు దగ్గర్లోనే రాలుతుంది, గాలికి దూరం పోదు. అందుకే ఒకసారి కాలితే అడవి మళ్ళీ పాకడానికి తరాలు పడుతుంది. కొమ్మలకి వసంతంలో నారింజ రంగు బూజుకాయలు వేలాడతాయి, పైన గుంటలు గుంటలుగా బూందీలడ్డూ లాగే ఉంటాయి, సిట్టేరియా అంటారు. తినొచ్చు కూడా. ఈ ఫంగస్ సదరన్ బీచ్‌లని వదిలి ఇంకో చెట్టు ఎక్కదు.

ఆకూ_అలమూ:
బాగుంది. ఈ చెట్టుకొచ్చే మర్టిల్ విల్ట్ అనే తెగులు గురించి కూడా రాయండి. చలారా అనే మరో ఫంగస్ కాండం మీది గాయాల్లోంచి దూరుతుంది, ఆకు గోధుమరంగు తిరిగి కూడా రాలకుండా కొమ్మకే ఉంటుంది. మీ మూడో ఫొటోలో ఎడమ చెట్టు అలాగే కనిపిస్తోంది. బాట పక్కన బెరడు మీద పేర్లు చెక్కే మహానుభావులకి ఇది చెప్పాలి.

చంపకమాల_ప్రియుడు:
వ్యాసం సరే, పాదం సంగతి తేలలేదు. సాలము అంటే ఏ చెట్టయినా అని అమరం గారు, గుగ్గిలమే అని ఆకూ గారు. పెద్దన గారికి పేరున్న చెట్టే కావాలంటే దేవదారు ఉండగా గుగ్గిలం దాకా ఎందుకు దిగుతారు?

అమరం_కంఠస్థం:
కంపితకీ సాలానికీ మధ్య దేవదారు ఎక్కడ పడుతుందండీ, మీరే ఛందస్సు మనిషి. అసలు తేలాల్సింది కరేణువు. స్త్రీలింగమైతే ఆడ ఏనుగు, పుంలింగమైతే మగది. సమాసంలో లింగం కనపడదు.

అడ్డుపుల్ల:
చెట్టుని ఊపిందంటే మగదే.

బొగ్గుబాయి_బిడ్డ:
ఎందుకట్ల? మందని నడిపేది ఆడ ఏనుగే. పిల్లలకి కొమ్మలు వంచి ఇచ్చేది కూడా అదే, నా ఓటు దానికే.