ఫాస్ఫటేజ్ తగ్గేది బ్యాక్టీరియా వల్లా, ఫాస్ఫేట్ వల్లా?

విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నానండి. కొండకర్ల ఆవ సరస్సు నుంచి తెచ్చిన నీళ్లు, అడుగు బురద రెండు లీటర్ల గాజు జాడీల్లో పోసి, రోడోసూడోమోనాస్ పాలుస్ట్రిస్ (వెలుతురుతో బతికే ఎర్ర రంగు బ్యాక్టీరియా) కల్చర్ లీటరుకు 10 మి.లీ. కలిపాను. 60 వాట్ల బల్బు వెలుతురు, 29 డిగ్రీలు, పీహెచ్ 8.1.

సేంద్రియ పదార్థాల నుంచి ఫాస్ఫేట్‌ని విడదీసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌ని పారా నైట్రోఫినైల్ ఫాస్ఫేట్ అనే సబ్‌స్ట్రేట్‌తో కొలుస్తున్నాను; ఎంజైమ్ దాన్ని విడగొడితే పసుపు రంగు వస్తుంది. ట్రిస్ బఫర్ పీహెచ్ 8.6, 37 డిగ్రీల్లో గంట, సోడియం హైడ్రాక్సైడ్‌తో ఆపి 410 నానోమీటర్ల దగ్గర రీడింగ్. మూడో రోజుకల్లా బ్యాక్టీరియా వేసిన జాడీల్లో ఎంజైమ్ సగానికి పడిపోతోంది. ట్యూబులో పసుపు పలచబడటం కంటికే తెలుస్తుంది. ఏడో రోజుకి మళ్లీ లేస్తోంది. వేయని జాడీలో ఏ మార్పూ లేదు.

నా అనుమానమంతా కల్చర్ మీడియం మీదే. అందులో ఫాస్ఫేట్ దండిగా ఉంటుంది, ఫాస్ఫేట్ ఉంటే ఈ ఎంజైమ్ అణిగిపోతుంది. అందుకే కణాలను సెంట్రిఫ్యూజ్‌లో దింపి, సెలైన్‌తో రెండుసార్లు కడిగి వేశాను. పడిపోవడం కాస్త తగ్గిందే కానీ ఆగలేదు. ఆటోక్లేవ్ చేసిన కణాలు వేసినా పడింది, అయితే చచ్చిన కణాల నుంచీ ఫాస్ఫేట్ కారుతుంది కదా! ఎర్ర రంగు రీడింగును చెడగొడుతుందేమోనని సబ్‌స్ట్రేట్ లేని బ్లాంక్ ట్యూబు రీడింగుని కూడా అందులోంచి తీసేసి చూశాను, ఫలితం అదే.

బతికున్న బ్యాక్టీరియా చేసే పనిని, దాని నుంచి విడుదలయ్యే ఫాస్ఫేట్ చేసే పనిని విడదీసి చూడాలంటే ఏ కంట్రోల్ జాడీ పెట్టాలి?