మన మాస్టొడాన్ సర్వర్‌కి నెల చందా తప్పనిసరి చేయాలా?

నాగావళి గట్టు (అడ్మిన్):
మాస్టొడాన్ ట్విట్టర్ లాంటిదే, కాకపోతే ఎవరి సర్వర్ వాళ్లే నడుపుకుంటారు, ఒక సర్వర్‌వాళ్లు ఇంకో సర్వర్‌వాళ్లని ఫాలో అవ్వొచ్చు. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల కోసం పెట్టుకున్న మన సర్వర్ అద్దె ఇన్నాళ్లూ నలుగురమే వేసుకుంటున్నాం. ఇక మా వల్ల కాదు. మనిషికి నెలకి 50 రూపాయలు తప్పనిసరి చేద్దామంటున్నాను. ఏమంటారు?

పలాస కుర్రోడు:
ఫీజు అన్నరోజే సగంమంది వాట్సాప్‌కి చెక్కేస్తారన్నా. అసలు మనం రాసే నాలుగు ముక్కలకి అంత బిల్లేంటి? మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఖాళీగా ఉంది, అందులో పెట్టేద్దాం.

నాగావళి గట్టు:
మనం రాసేదానికి కాదు బాబూ. జర్మనీలో ఎవరో ఫోటో పెడతారు. మనలో ఒక్కరు వాళ్లని ఫాలో అయినా చాలు, దాని కాపీ మన డిస్క్‌లోకి వచ్చి కూర్చుంటుంది. మొన్న తెరిచి చూస్తే మనవాళ్ల సిరిమానోత్సవం ఫోటోలు ఓ మూలన ఉన్నాయి, మిగతాదంతా ఊరూపేరూ తెలియనివాళ్ల పిల్లులే. పైగా మాస్టొడాన్ వెనక పనిచేసే ప్రోగ్రాములు పోస్ట్‌గ్రెస్, రెడిస్, సైడ్‌కిక్ మూడూ రాత్రీపగలూ నడవాలి, ర్యామ్ చాలదు. ఇక డెస్క్‌టాప్ అంటావా, 2018లో తిత్లీ తుపానుకి మీ పలాసలో కరెంటు గతి ఏమైందో నీకు నేను చెప్పాలా?

గజపతినగరం మాస్టారు:
బయటి ఫోటోలు ఇన్నిరోజులకి చెరిపేయమని అడ్మిన్ సెట్టింగుల్లోనే పెట్టుకోవచ్చు కదండీ. ఎవరికైనా కావలిస్తే సర్వర్ మళ్లీ తెచ్చుకుంటుంది. ముందు అది చేసి, తర్వాత జనాన్ని అడగండి.

బొబ్బిలి వీణ:
డిస్క్ సంగతి సరే మాస్టారూ, మనిషి సంగతో? అర్ధరాత్రి స్పామ్ అకౌంట్లు ఏరేది, ఫిర్యాదులు చదివేది, అప్‌డేట్ వేస్తే సైట్ పడిపోయిందేమోనని టెన్షన్ పడేది అడ్మిన్ ఒక్కడే. దానికి బిల్లు రాదు కాబట్టి ఎవరికీ కనిపించదు. మొజిల్లా అంతటి సంస్థే 2024 డిసెంబరులో తన మాస్టొడాన్ సర్వర్ మూసేసింది. మూతపడేముందు చెబితే ఫాలోయర్లని వేరే సర్వర్‌కి తీసుకుపోవచ్చు, రాసుకున్న పోస్టులు మాత్రం వెంట రావు. నేను 50 కాదు, 100 ఇస్తాను.

పలాస కుర్రోడు:
నీకు జీతం వస్తుందక్కా, ఇస్తావు. కాలేజీ పిల్లల్ని వదిలేయండి. లెక్క మాత్రం నెలనెలా అందరికీ కనబడాలి.

నాగావళి గట్టు:
సరే. ఈ రాత్రికే బయటి ఫోటోలు చెరిపేయడానికి ఏడు రోజుల గడువు పెడుతున్నాను. వచ్చే బిల్లు ఇక్కడే అతికిస్తాను, చందా మాట అప్పుడు తేల్చుకుందాం. అందాకా కొత్త అకౌంట్లు ఆపేస్తున్నా.

బొబ్బిలి వీణ:
ఆపడం నాకు నచ్చలేదు. చందా ఇచ్చే నలుగురు ఆ కొత్తవాళ్లలోనే ఉండొచ్చు కదా?