సమస్యాపూరణం: పాలు విరిగినపుడె పాకమమరె

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి, ఈ పాదానికి అర్థం కుదిర్చి పద్యం పూరించాలి.

*పాలు విరిగినపుడె పాకమమరె*

విషయం పసిపిల్లలకు చేసే కూరగాయల వైట్ సాస్ పాస్తా. పాలు విరిగితే తెల్ల సాస్ పాడైపోతుందని అందరికీ తెలుసు. విరిగినప్పుడే కుదిరిందని ఒప్పించాలి. పొయ్యి మీద నిలవని పూరణ ఎంత శ్రావ్యంగా ఉన్నా ఒప్పుకోం.

అందరికీ ఒకే కొలత. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు ముగ్గురికి ఎండు పాస్తా 150 గ్రాములు, ఉప్పు లేని వెన్న 20, మైదా 20, పాలు 300 మిల్లీలీటర్లు. క్యారెట్, కాలీఫ్లవర్ 75 గ్రాముల చొప్పున, పచ్చి బఠానీ 50, చీజ్ తురుము 30.

గోరుముద్ద:
నా పూరణ.

నిమ్మరసము కొంత నెమ్మదిగాఁ బోయ
నీరు వేరు కాఁగ నిలిచె ముద్ద;
మెత్తగాను రుబ్బ మీగడ సాసాయె;
పాలు విరిగినపుడె పాకమమరె.

మైదా అక్కర్లేని పద్ధతి ఇది. అర లీటరు చిక్కటి పాలు పొంగు వచ్చాక మంట ఆపి, ఒక పెద్ద చెంచా నిమ్మరసంలో అంతే నీళ్లు కలిపి కొంచెం కొంచెంగా పోయాలి. నీరు ఆకుపచ్చగా తేలగానే ఆపేసి, పలుచటి గుడ్డలో వడకట్టాలి. ఆ ముద్దను కాచిన పాలు 100 మిల్లీలీటర్లతో మిక్సీలో రెండు నిమిషాలు తిప్పితే సాస్ వస్తుంది.

నిర్వాహకులు:
పూరణ చక్కగా ఉందమ్మా, అభినందనలు. సమస్యలోని విరుద్ధం సహజంగా విడిపోయింది. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదట జోడీ కుదరాలి కదా, ని–నె, మె–మీ యతులు సరిపోయాయి.

వంట సంగతిలో రెండు మాటలు చేర్చాలి. వడకట్టిన ముద్దను చన్నీళ్లతో రెండుసార్లు కడగకపోతే పులుపు లోపలే ఉండిపోతుంది. తర్వాత పోసే పాలను కూడా ఆ పులుపే విరగ్గొడుతుంది. ఇక బరువు పెట్టి నీళ్లన్నీ పిండేస్తే ముద్ద గట్టిపడి, ఎంత తిప్పినా రవ్వరవ్వగానే ఉంటుంది. చేత్తో ఒక్కసారి ఒత్తి, వేడి పూర్తిగా ఆరకముందే మిక్సీలో వేయాలి. సాస్ తయారయ్యాక సెగ మాత్రం చూపాలి, మరిగించకూడదు.

పాలకంకి:

ఎఱ్ఱనైన పండు టమాట వేయఁగ
పులుపు తగిలి తెల్ల పొడులు తేలె;
రంగు కుదిరెనంచు రమ్యమై తోఁచెను;
పాలు విరిగినపుడె పాకమమరె.

నిర్వాహకులు:
రెండో పాదంలోని బొమ్మ కళ్లకు కట్టింది. మొదటి పాదం మాత్రం నిలవదు. ‘టమాట’ లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. ఈ పాదంలో మూడు సూర్యగణాల తర్వాత రావాల్సిన ఇంద్రగణాల్లో జగణం లేదు. ‘ఎ’కూ ‘ట’కూ యతి కూడా కుదరదు. మన పాత మాట ‘రామములగ’ వాడి చూడండి, రెండు సూర్యగణాలుగా ఒదిగిపోతుంది.

వంటలోనూ ఒప్పుకోలేను. తేలిన ఆ తెల్ల పొడులు పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ గడ్డలు. రంగు బాగున్నా నాలుకకు ఇసుకలా తగులుతాయి, నాలుగేళ్ల పిల్ల రెండో ముద్ద నోట పెట్టదు. అలా విరిగిన సాస్ మళ్లీ నున్నగా అతుక్కోదు.

గోరుముద్ద:
టమాటా కావాలంటే ఒక దారి ఉంది. రెండు పండ్లు విడిగా పది నిమిషాలు మగ్గబెట్టి, నీరు ఇగిరి దగ్గరపడ్డాక చల్లార్చాలి. మైదా వేసి చిక్కబడ్డ సాస్‌ను దించిన తర్వాత అందులో రెండు పెద్ద చెంచాలు కలపాలి. ఉడికిన మైదాలోని పిండిపదార్థం కేసీన్ రేణువులను ఒకదాన్నొకటి పట్టుకోకుండా అడ్డుపడుతుంది. వట్టి పాలలో ఆ రక్షణ లేదు.

పాలకంకి:
ధన్యవాదాలండీ. సవరించాను. పాదాన్ని ప్రశ్నగా తిప్పాను.

రామములగ పండు రసమును బోయఁగ
పులుపు తగిలి తెల్ల పొడులు తేలె;
ఎవ్వరైన నెట్టు లిట్లనఁగలరయా
‘పాలు విరిగినపుడె పాకమమరె’?

నిర్వాహకులు:
ఇప్పుడు ఛందస్సూ నిజమూ రెండూ నిలిచాయి. సమస్యనే నిలదీసిన పద్ధతి బాగుంది.

మీగడతరక:
‘విరుగు’ను ముక్కలగు అనే అర్థంలో తీసుకున్నాను.

వెన్నలోన పిండి వేఁగిన పిమ్మట
నొక్కసారి పోయ నుండ కట్టు;
మూఁడు వంతులుగను ముందుగాఁ గొలతలో
పాలు విరిగినపుడె పాకమమరె.

నిర్వాహకులు:
ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. ‘కొలతలో’ అన్న మాట ఊరికే పాదం నింపడానికి రాలేదు. ఆ వంతులు ఎంతెంతో కూడా చెప్పండి.

మీగడతరక:
సమానంగా పోయకూడదండీ. 300 మిల్లీలీటర్లను 50, 100, 150గా విడదీయాలి. చిన్న మంట మీద వెన్నలో మైదా రెండు నిమిషాలు వేగాలి, రంగు మారకూడదు. మొదటి 50 పోయగానే చపాతీ పిండిలా ముద్దవుతుంది. దాన్ని చూసి భయపడి మిగతా పాలన్నీ గుమ్మరిస్తే పని చెడుతుంది. ముద్ద గట్టిగా ఉన్నప్పుడు గరిటె రాపిడికి ఉండలు చితుకుతాయి. పలచనయ్యాక గరిటెకు దొరక్కుండా జారిపోతాయి. ఉండ పైపొర వేడికి ఉబ్బి మూసుకుంటుంది, లోపల పొడి మైదా అలాగే ఉంటుంది. కొరికితే తెల్లటి పొడి కనబడుతుంది.

చివరి 150 పోశాక బుడగలు వచ్చి మరో నాలుగైదు నిమిషాలు సన్న సెగ మీద ఉడకాలి. గరిటె వీపున వేలితో గీత గీస్తే అది చెరగకుండా నిలవాలి, అదే గుర్తు. చీజ్ దించాక వేయాలి. మంట మీద వేస్తే సాగి ముద్దయి నూనె కక్కుతుంది.

చిట్టిగరిటె:
పదం విరిచి పూరించాను, తప్పులుంటే చెప్పండి.

ఉప్పు హెచ్చగుటయు నుడుకని క్యారెట్టు
పచ్చిపిండి కంపు, పాస్త యంటు
ఇన్ని యొక్కటొకటి యేఱి తీర్పఁగను లో
పాలు విరిగినపుడె పాకమమరె.

పాలకంకి:
‘క్యా’ సంయుక్తాక్షరం కదా, ‘ఉడుకని’లోని ‘ని’ గురువు కాదా?

నిర్వాహకులు:
కాదు. రెండూ వేరు వేరు మాటలు, సంస్కృత సమాసం కాదు. పక్క మాట మొదట్లోని సంయుక్తం వల్ల తెలుగు మాట చివరి అక్షరం గురువు కానక్కర్లేదు. ‘ఉడుకని’ నాలుగు లఘువుల నలమే.

‘లో’ను మూడో పాదం చివర నిలిపి ‘లోపాలు’ చేయడం చాలా బాగుంది. ‘లోపములు’ అనాలని ఛాందసులు పట్టుబట్టవచ్చు, నాకు అభ్యంతరం లేదు. ‘పాస్త యంటు’ మాత్రం అన్వయం తెగింది. ‘పాస్త ముద్ద’ అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ కుదురుతుంది.

నాలుగు లోపాలూ నిజమైనవే, విరిచే తీరు చెప్పలేదు.

చిట్టిగరిటె:
సవరణకు ధన్యవాదాలు. వివరం ఇదిగో.

ముద్ద కట్టడానికి నీళ్లు చాలకపోవడమే కారణం. 150 గ్రాములకు లీటరున్నర తెర్లే నీళ్లు ఉండాలి, వేసిన మొదటి రెండు నిమిషాలు కలుపుతూ ఉండాలి. పిల్లలకు పొట్లం మీద రాసిన సమయం కంటే ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఉడకనివ్వాలి. వార్చేటప్పుడు అర కప్పు గంజి పక్కన ఉంచుకోవాలి. నూనె వేయకూడదు, చన్నీళ్లతో కడగకూడదు. రెంటిలో ఏది చేసినా సాస్ పట్టదు.

క్యారెట్, కాలీఫ్లవర్ గోరంత ముక్కలు చేసి ఆవిరి మీద ఎనిమిది నుంచి పది నిమిషాలు. రెండు వేళ్ల మధ్య నొక్కితే ముక్క చితకాలి. చితకకపోతే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. బఠానీని చిన్నపిల్లలకు గరిటెతో ఒకసారి అదమాలి.

ఉప్పు విడిగా వద్దు, పాస్తా నీళ్లలో కూడా. ఒకటి నుంచి మూడేళ్ల వాళ్లకు రోజుకు 2 గ్రాములు మించొద్దని బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ సలహా. చీజ్‌లో ఎలాగూ ఉప్పుంది. చిటికెడు జాజికాయ పొడి చాలు.

గోరుముద్ద:
బడి డబ్బాలో పెడితే మధ్యాహ్నానికి గట్టిపడుతోంది కదా, దానికేం చేయాలి?

మీగడతరక:
చల్లారేకొద్దీ పాస్తా సాస్‌లోని తడి పీల్చుకుంటుంది. డబ్బాకు అయితే ఆ అర కప్పు గంజిలో సగం చివర్లో కలిపి, కాస్త జారుగా ఉన్నప్పుడే మూత పెట్టండి. ఇంట్లో మళ్లీ వేడి చేసేటప్పుడు రెండు మూడు చెంచాల పాలు పోసి సన్న సెగ మీద కలపండి.