బీపీటీ పూర్తయింది: ఇక్కడి రిజిస్ట్రేషన్ ముందా, అమెరికా లైసెన్సు ముందా?

ప్రశ్న: హనుమకొండ_ఫిజియో

అందరికీ నమస్కారం. కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఒక కళాశాలలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివి, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ కూడా ముగించి, ప్రస్తుతం హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎముకల విభాగంలో పనిచేస్తున్నాను. మోకీలు మార్పిడి ఆపరేషన్ అయినవారిని వాకర్ పట్టించి నడిపించడం, సాయంత్రం వేళ పక్షవాతం వచ్చినవారి ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు చేయించడం నా రోజువారీ పని.

నక్కలగుట్టలో ఒక గది అద్దెకు తీసుకొని సొంతంగా క్లినిక్ పెట్టుకొమ్మని మా నాన్నగారు అంటున్నారు. డాలస్ దగ్గర ఉంటున్న మా అన్నయ్య, వదిన మాత్రం అమెరికా పీటీ (ఫిజికల్ థెరపిస్ట్, అంటే అక్కడి ఫిజియోథెరపిస్ట్) లైసెన్సుకు ఇప్పుడే ప్రయత్నం మొదలుపెట్టమని పట్టుబడుతున్నారు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీని అడిగితే, ఒరిజినల్ సర్టిఫికెట్లు, సగం ఫీజు ముందుగా ఇస్తే ఏడాదిలోగా లైసెన్సు చేతిలో పెడతామని, పరీక్షలో గతంలో వచ్చిన ప్రశ్నల సంపుటి కూడా తామే ఇస్తామని చెప్పారు.

డిగ్రీ పట్టా ఉంటే ఇక్కడ ప్రాక్టీసుకు సరిపోతుందా, లేక వేరే నమోదు ఏదైనా కావాలా? ఎటూ అమెరికా వెళ్లే ఆలోచన ఉన్నప్పుడు ఇక్కడి రిజిస్ట్రేషన్ కోసం తిరగడం వృథా శ్రమ అవుతుందా? ఈ దారిలో నడిచినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: చెరువుకట్ట_క్లినిక్

అమ్మా, నేను హనుమకొండలోనే చాలా కాలంగా క్లినిక్ నడుపుతున్నాను కనుక ఇక్కడి సంగతి వరకే చెబుతాను. మనవాళ్లలో చాలామంది మూడు వేర్వేరు కాగితాలను ఒకటే అనుకుంటారు. మీరు చదివారని విశ్వవిద్యాలయం ఇచ్చేది పట్టా. మీరు ఈ వృత్తి చేయవచ్చని వృత్తి మండలి (కౌన్సిల్) ఇచ్చేది రిజిస్ట్రేషన్. ఫలానా చోట వైద్యసేవ అందించవచ్చని జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయం ఇచ్చేది క్లినిక్ నమోదు. ఇందులో ఏ ఒక్కటీ మరొకదానికి బదులు కాదు.

దేశమంతటికీ వర్తించే చట్టం మన వృత్తికి చాలా ఆలస్యంగా వచ్చింది. ఢిల్లీ 1997లోనే ఫిజియోథెరపీకి, ఆక్యుపేషనల్ థెరపీకి కలిపి మండలి చట్టం చేసుకుంది, మహారాష్ట్ర కూడా ఆ తర్వాత అదే దారి పట్టింది. మిగిలిన రాష్ట్రాలు ఏళ్ల తరబడి ఎదురుచూశాక 2021 మార్చిలో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. మూడు నుంచి ఆరేళ్ల వ్యవధిలో కనీసం 3600 గంటల డిగ్రీ చదివినవారిని ఆ చట్టం ఆరోగ్య సంరక్షణ వృత్తినిపుణులుగా గుర్తించింది, ఆ జాబితాలో ఫిజియోథెరపీ ఉంది. రాష్ట్ర మండలి నిర్వహించే రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి, అక్కడి నుంచి అది కేంద్ర రిజిస్టర్‌లోకి చేరుతుంది. కనుక ‘మనకు కౌన్సిలే లేదు కదా’ అన్న పాత మాటను పట్టుకొని కూర్చోవద్దు.

ఇంకో అపోహ కూడా ఉంది. 1955లో ఏర్పడిన భారతీయ ఫిజియోథెరపిస్టుల సంఘం, అంటే మనం ఐఏపీ అని పిలిచేది, వృత్తి సంఘం మాత్రమే. దాని సభ్యత్వం తీసుకోండి, సదస్సులకు వెళ్లండి, మంచిదే. కానీ ఆ సభ్యత్వ కార్డును గోడకు తగిలించి అదే లైసెన్సు అనుకునేవారిని మన ఊళ్లోనే చూశాను. వికలాంగుల పునరావాస నిపుణులను నమోదు చేసే భారత పునరావాస మండలి ఫిజియోథెరపిస్టులను నమోదు చేయదు కనుక అటువైపు తిరగనవసరం లేదు.

క్లినిక్ పెట్టదలిస్తే అద్దె ఒప్పందం మీ పేరు మీదే రాయించుకోండి, నమోదు దరఖాస్తుకు అది కావాలి. డ్రై నీడ్లింగ్ (కండరాల్లో సన్నని సూదులు గుచ్చే చికిత్స) చేసే ఉద్దేశం ఉంటే వాడిన సూదులను మామూలు చెత్తబుట్టలో వేయకూడదు, వాటికి 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు వర్తిస్తాయి. ఇక బోర్డు మీద పేరుకు ముందు ‘డాక్టర్’ అని రాయాలా వద్దా అన్న వివాదంలోకి నేను దిగను. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ కూడదంటూ ఒక లేఖ ఇచ్చి, వెంటనే దాన్ని వెనక్కి తీసుకున్న తీరు అందరికీ గుర్తుండే ఉంటుంది. ఏది రాసినా పక్కన ‘పీటీ’ అని స్పష్టంగా ఉంటే, వచ్చే రోగికి తాను ఎవరి దగ్గరికి వచ్చాడో తెలుస్తుంది.

జవాబు: టెక్సాస్‌లో_ఓరుగల్లు

చెల్లీ, ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ పీటీగా అమెరికా వైపు సంగతి చెబుతాను. అసలు చిక్కు పరీక్షలో కాదు, దానికి ముందు జరిగే చదువు మదింపులో ఉంది. కన్సల్టెన్సీలవాళ్లు ఆ మాట ఎత్తరు.

ఈ దేశమంతటికీ చెల్లే ఒకే లైసెన్సు లేదు, లైసెన్సు ఇచ్చేది ఆయా రాష్ట్రాల బోర్డులు. పరీక్ష మాత్రం అందరికీ ఒకటే. దాన్ని ఎన్‌పీటీఈ అంటారు, ఆ బోర్డుల సమాఖ్య అయిన ఎఫ్‌ఎస్‌బీపీటీ నిర్వహిస్తుంది. విదేశాల్లో చదివినవారు ముందుగా తమ చదువు ఇక్కడి ప్రమాణానికి తగినదేనని నిరూపించుకోవాలి. ఎఫ్‌సీసీపీటీ వంటి మదింపు సంస్థలు మన మార్కుల జాబితాను, సిలబస్‌ను, ఒక్కో సబ్జెక్టుకు తరగతిలోనూ ఆసుపత్రిలోనూ గడిపిన గంటలను కోర్స్‌వర్క్ టూల్ అనే కొలమానంతో పోల్చి చూస్తాయి. మీరు ఉత్తీర్ణులైన సంవత్సరాన్ని బట్టి ఆ కొలమానంలో ఏ కూర్పు మీకు వర్తిస్తుందో తేలుతుంది, కొత్త కూర్పులు పాతవాటికంటే కఠినంగా ఉంటాయి.

మన బీపీటీ ఎక్కడ తక్కువ పడుతుందంటే, అనాటమీలోనో ఎలక్ట్రోథెరపీలోనో కాదు. 2016 నుంచి ఇక్కడ గుర్తింపు ఉన్న ప్రవేశస్థాయి కోర్సు డీపీటీ (ఫిజికల్ థెరపీలో డాక్టరేట్) ఒక్కటే, అది నాలుగేళ్ల డిగ్రీ తర్వాత సాధారణంగా మూడేళ్లు చదివేది. దానితో పోల్చినప్పుడు ఇంటర్ తర్వాత నేరుగా వృత్తివిద్యలో చేరిన మనకు సాహిత్యం, చరిత్ర, సాంఘిక శాస్త్రాల వంటి సాధారణ విద్య క్రెడిట్లు సరిపోవు. వ్యాధి భేద నిర్ధారణ, ఔషధ శాస్త్రం, స్కానింగ్ చిత్రాల పరిశీలన, క్లినిక్ నిర్వహణ వంటివి మన దగ్గర చెప్పినా, వేరే సబ్జెక్టులో ఒక అధ్యాయంగా చెప్పడం వల్ల కాగితం మీద కనిపించవు. అందుకే ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేయడమో, ట్రాన్సిషనల్ డీపీటీలో (ఇప్పటికే ఫిజియోథెరపిస్టులైనవారు డీపీటీ స్థాయికి చేరే కోర్సులో) చేరడమో, లోటు ఉన్న సబ్జెక్టులను విడిగా చదవడమో చేస్తారు. ఏది చేయాలన్నది మదింపు నివేదిక వచ్చాకే నిర్ణయించుకోండి. నివేదిక రాకముందే వేల డాలర్లు పోసి కోర్సుల్లో చేరవద్దు.

ఇక పరీక్ష. ఐదు భాగాల్లో 225 ప్రశ్నలకు ఐదు గంటల సమయం ఉంటుంది. 200 నుంచి 800 వరకు ఉండే స్కేలు మీద 600 రావాలి. ఏడాదికి నాలుగు విడతలు జరుగుతుంది, కానీ పన్నెండు నెలల్లో మూడుసార్లకు మించి, జీవితకాలంలో ఆరుసార్లకు మించి రాయనివ్వరు. హైదరాబాద్‌లో రాసే వీలు లేదు, అమెరికా గడ్డ మీదకు వచ్చి రాయవలసిందే కనుక, ఆ ప్రయాణానికి వీసా సంగతి కూడా ముందే చూసుకోవాలి.

ప్రశ్నలు ఎలా ఉంటాయో ఒక ఉదాహరణ చెబుతాను. యాభై ఐదేళ్ల మనిషి ఎడమ భుజం నొప్పితో వస్తాడు. చేయి ఎటు తిప్పినా నొప్పి పెరగదు, మెట్లు ఎక్కితే మాత్రం పెరుగుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. ఇచ్చిన నాలుగు ఎంపికల్లో మూడు చక్కటి భుజం వ్యాయామాలు, ఒకటి వెంటనే వైద్యుడి దగ్గరికి పంపడం. మన ఆసుపత్రుల్లో ఆర్థో డాక్టరు చూసి, చీటీ రాసి పంపిన రోగే మన దగ్గరికి వస్తాడు కనుక, వ్యాయామం ఎంచుకోవడానికి చెయ్యి తిరిగి ఉంటుంది. ఇక్కడ యాభై రాష్ట్రాల్లోనూ ఏదో ఒక మేరకు రోగి నేరుగా పీటీ దగ్గరికి రావచ్చు, కాబట్టి ‘ఇది నా పని కాదు, గుండె సంగతి చూడాలి’ అని గుర్తించడాన్ని పరీక్ష గట్టిగా అడుగుతుంది. ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంటుకు ఏ పని అప్పగించవచ్చు, ఏది అప్పగించకూడదు అన్న ప్రశ్నలూ మనకు కొత్తే.

ఆ ‘వచ్చిన ప్రశ్నల సంపుటి’ని మాత్రం తాకవద్దు. 2010లో ప్రశ్నలు బయటికి పొక్కిన కారణంగా భారత్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఈజిప్టు దేశాల్లో చదివినవారందరికీ ఈ పరీక్షను నిలిపివేసి, తర్వాత కొంతకాలం వారికి విడిగా ఏడాదికి ఒక్కసారే పెట్టారు. ఆ కట్టడి ఇప్పుడు లేదు. కానీ తప్పు చేయనివారు కూడా అప్పుడు నష్టపోయారు. మీ దగ్గర అలాంటి సంపుటి ఉన్నట్టు తేలితే మీ స్కోరే రద్దు కావచ్చు.

పరీక్ష అయ్యాక టెక్సాస్‌లోనైతే ఈ రాష్ట్ర చట్టాల మీద మరో చిన్న పరీక్ష ఉంటుంది, అదేమంత కష్టం కాదు. వీసాకు కావలసిన ఆరోగ్య కార్మికుల ధ్రువపత్రం మాత్రం లైసెన్సుకు పూర్తిగా వేరు. పీటీలు కార్మిక శాఖ షెడ్యూల్-ఏ (సిబ్బంది కొరత ఉన్న వృత్తుల) జాబితాలో ఉన్నందున గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఒక పెద్ద మెట్టు తప్పుతుంది, అయినా భారతీయులకు ఉన్న నిరీక్షణ వరుస మాత్రం తప్పదు. ‘ఏడాదిలో చేతిలో పెడతాం’ అన్నవారిని, ఇందులో ఏ మెట్టు ఏడాదిలో అవుతుందో అడగండి.

జవాబు: జగిత్యాల_థెరపిస్ట్

అమెరికా గురించి పై సోదరుడు చెప్పేశారు. మా జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారే ఎక్కువ కనుక రెండు మాటలు చెబుతాను. దుబాయ్‌కి గానీ సౌదీకి గానీ డేటాఫ్లో అనే పరిశీలన ఉంటుంది. వారు మీరిచ్చిన జిరాక్సును నమ్మరు, పట్టా నిజమా కాదా అని విశ్వవిద్యాలయాన్ని, పనిచేశారా లేదా అని ఆసుపత్రిని, రిజిస్ట్రేషన్ ఉందా అని మండలిని నేరుగా అడుగుతారు. నియామక పత్రం లేకుండా, జీతం చేతికిచ్చే చోట రెండేళ్లు పనిచేసినా ఆ అనుభవం లెక్కకు రాదు. ఇప్పుడున్న ఆసుపత్రిలో జీతం బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోండి, అనుభవ పత్రంలో చేరిన తేదీ, హోదా స్పష్టంగా రాయించుకోండి.

మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. స్వదేశంలో రిజిస్ట్రేషన్ ఉందా, మీ మీద ఫిర్యాదులేమీ లేవని మండలి పత్రం ఇస్తుందా అని బయటి దేశాలు అడుగుతాయి. కాబట్టి ఇక్కడి నమోదు వృథా కాదు, అదే ముందు చేయండి. బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తుల నమోదు సంస్థ అయిన హెచ్‌సీపీసీ మనలాంటి విదేశీ దరఖాస్తుదారులకు ఎన్‌పీటీఈ వంటి రాత పరీక్ష పెట్టదు, చదువును, అనుభవాన్ని చూసి నమోదు చేస్తుంది. ఆ దారి కూడా ఆలోచించండి.

హనుమకొండ_ఫిజియో

అందరికీ ధన్యవాదాలు. కన్సల్టెన్సీకి ఒరిజినల్స్ ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాను. మరో సందేహం. నా పదో తరగతి మెమోలోనూ, బీపీటీ పట్టాలోనూ ఇంటిపేరు ముందు, పేరు తర్వాత పూర్తిగా ఉన్నాయి. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచి, మొత్తం పేరును ఒకే గడిలో వేశారు. ఇది ఇబ్బంది అవుతుందా? అలాగే నాతో పనిచేసే సీనియర్ అక్క ఒకరు విశ్వవిద్యాలయం విడిపోకముందు చదివారు. ఆమె ట్రాన్స్‌క్రిప్ట్‌కు (విశ్వవిద్యాలయం ధ్రువీకరించి ఇచ్చే మార్కుల వివరాలకు) ఎక్కడికి వెళ్లాలి?

జవాబు: టెక్సాస్‌లో_ఓరుగల్లు

పేరు విషయం తప్పకుండా ఇబ్బందే. పాస్‌పోర్టులో అలా ఉంటే అమెరికా వీసా మీద పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని, అంటే పేరు తెలియదు అన్నట్టుగా, ముద్రిస్తారు. పరీక్ష కేంద్రంలో గుర్తింపు కార్డులోని పేరు, ఎఫ్‌ఎస్‌బీపీటీలో నమోదైన పేరు తేడా లేకుండా సరిపోవాలి. కనుక మదింపుకు దరఖాస్తు చేయకముందే పాస్‌పోర్టును రీఇష్యూ చేయించి, పదో తరగతి మెమోను చూపి ఇంటిపేరును దాని గడిలోకి మార్పించుకోండి. తర్వాతి దరఖాస్తులన్నీ ఆ పేరుతోనే చేయండి.

మీ సీనియర్ తెలంగాణకు విడిగా ఆరోగ్య విశ్వవిద్యాలయం రాకముందు చేరినవారైతే ఆమె పట్టా విజయవాడదే, ట్రాన్స్‌క్రిప్ట్ కూడా అక్కడి నుంచే రావాలి. ఎన్టీఆర్ పేరుతో ఉన్న ఆ విశ్వవిద్యాలయాన్ని 2022లో వైఎస్సార్ పేరుకు, 2024లో తిరిగి ఎన్టీఆర్ పేరుకు మార్చారు. పట్టా మీద ఒక పేరు, కవరు మీద మరో పేరు ఉంటే మదింపు చేసేవారికి రెండు వేర్వేరు సంస్థలుగా తోస్తుంది. ఆ రెండు పేర్లూ ఒకే విశ్వవిద్యాలయానివని ఒక లేఖ అక్కడే అడిగి తీసుకొమ్మని చెప్పండి. మీకు ఆ తిప్పలు లేవు, విశ్వవిద్యాలయం మీ ఊళ్లోనే ఉంది. ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటు సిలబస్ ప్రతి మీద ప్రతి పేజీకీ ముద్ర వేయించండి, ఇంటర్న్‌షిప్ గంటలను విభాగాలవారీగా కళాశాల లెటర్‌హెడ్ మీద రాయించండి. కవరును సీలు చేసి విశ్వవిద్యాలయమే పంపాలి, మీ చేతికి ఇస్తే విప్పకండి.